నూనె రాసిన బ్రేకు

"తాగుతున్న తమ్ముణ్ణి అన్న గట్టిగా నిలదీయాలా, ప్రేమగా చూసుకుంటూ ఊరుకోవాలా?" అని సింహాద్రి అడిగితే మా గురువుగారు పైడయ్యగారు నాలుగు రోజులు జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. అడిగినవాడు విసిగిపోయి ప్రశ్న మర్చిపోతే సంతోషిస్తారేమో అని కూడా నాకు అనిపిస్తుంటుంది.

సింహాద్రి మాత్రం మర్చిపోయే స్థితిలో లేడు. అతని తమ్ముడు గోవిందు ఘాట్ రోడ్డు మీద సర్వీసు జీపు నడుపుతాడు. కిందటేడు గోవిందు భార్య పురిట్లో పోయింది. అప్పటి నుంచి పొద్దున్నే తాగి స్టీరింగు పట్టుకుంటున్నాడు. సింహాద్రి అతన్ని ఒక్క మాట అనడు. వాంతి కడుగుతాడు, చొక్కా మారుస్తాడు, ఎవరైనా అడిగితే జ్వరమని చెబుతాడు. ఎంత మంచి అన్న అని ఊరంతా అనేది. నేనూ అన్నాను. వాసన తెలిసి కూడా మొహం పక్కకి తిప్పుకుని ఆ జీపులో కూర్చున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ నాలుగు రోజులూ ఒకటే ముసురు. గురువుగారు ఆ వానలోనే మోటారుసైకిలు మీద దిగువ ఊరికి వెళ్లి, మంచం పట్టిన ఒక ముసలాయన దగ్గర కూర్చుని వచ్చేవారు. ఐదో రోజు పొద్దున్నే సింహాద్రి వచ్చి చూస్తే బండి బ్రేకు డిస్కులు ముందూ వెనకా ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. గురువుగారి బండి అలా ఉండటం అతను చూడలేకపోయాడు. గుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, తళతళలాడేలా చేశాడు.

గురువుగారు బయటికొచ్చి చూశారు. మెచ్చుకోలేదు, కోప్పడలేదు. "ఎక్కు," అన్నారు. ఇంజను వేయనివ్వకుండా వాకిలి ముందున్న చిన్న వాలులో బండిని ముందుకు తోసి, "ఇప్పుడు ఆపు," అన్నారు.

సింహాద్రి చేతి బ్రేకూ కాలి బ్రేకూ రెండూ నొక్కాడు. బండి ఆగలేదు. వాలు చివరి దాకా పోయి కట్టెల మోపుని గుద్దుకుని పడింది. అతని మోకాలి మీద చర్మం లేచిపోయి రక్తం కారింది. నేను పరిగెత్తుకెళ్లి బండి లేపాను.

"నూనె ఎందుకు రాశావు?"

"తుప్పు చూస్తే పేనం ఉసూరుమందండి. మీ బండి కదండి."

"అది వాన తుప్పు, పైపైది. బయల్దేరి నాలుగుసార్లు బ్రేకు పట్టుకుంటే అదే రాలిపోయేది. కాసేపు గరగరమని చెవులు చిల్లులు పడేవి, అంతే. ఇప్పుడు చూడు, బాగా మెరుస్తోంది."

సింహాద్రి తల వంచుకున్నాడు. "గట్టిగా అంటే ఆడు నన్నొగ్గీసి ఎల్లిపోతాడండి. ఆడు తప్ప నాకెవులున్నారండి?"

గురువుగారు వంగి అతని మోకాలు చూశారు. అంతలో పొగమంచులోంచి, జంక్షన్ వైపు నుంచి, జనాన్ని పిలుస్తూ గోవిందు జీపు హారను వినిపించింది.

"ఎంతమంది ఎక్కుతారు అందులో?" అన్నారు.

"పద్నాలుగు మందండి."

"మోకాలు తర్వాత కడుక్కుందువుగాని," అన్నారు గురువుగారు. "వెళ్లు."