తడవని కాళ్ళ రాకుమారుడు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఉత్తరాన ఒక రాజు, దక్షిణాన ఒక రాజు. ఏరు పేరు జంటేరు. ఉత్తరాన మేడిపురాన్ని ధీరసేనుడు ఏలేవాడు. దక్షిణాన కలువపురాన్ని కనకవర్మ ఏలేవాడు. ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క ఏరే. అందుకని చెరో ఒడ్డున ఒక కాలవ తవ్వుకుని, ఒక తూము పెట్టుకుని, ఎవరి పొలాలు వాళ్ళు తడుపుకునేవాళ్ళు.

మరి ఎవరికెన్ని నీళ్ళు? దానికి తాతల నాటి ఆచారం ఒకటి ఉంది. కాలవలో నీళ్ళు మోకాలి లోతు పారాలి. పొట్టివాడి మోకాలా, పొడుగువాడి మోకాలా అని నన్నడక్కండి, ఆ తాతల్నే అడగాలి. ఆ లోతు ఎవరి కాలవది వాళ్ళు చూసుకోకూడదు. మేడిపురం రాజు బిడ్డ ఏరు దాటి వెళ్ళి కలువపురం కాలవలో దిగి చూడాలి. కలువపురం రాజు బిడ్డ ఏరు దాటి వచ్చి మేడిపురం కాలవలో దిగి చూడాలి. దిగినవాళ్ళు తక్కువుందంటేనే తూము ఎత్తాలి, ఎక్కువుందంటేనే దించాలి. వాళ్ళ మాట మీద ఇంకొకరు మాట అనకూడదు. పరాయివాళ్ళు మనల్ని అంతగా నమ్మితే మోసం చెయ్యడానికి మనకే ముఖం చెల్లదని ఆ తాతల ఆలోచన. పాపం, మంచివాళ్ళు.

మామూలుగా కథల్లో రాజుకి ముగ్గురు కొడుకులుంటారు. ధీరసేనుడికి ఒక్కడే, పేరు మణిధరుడు. పద్దెనిమిదేళ్ళు నిండగానే కొలిచే పని అతనికొచ్చింది. ఆ పుట్టినరోజు పండక్కే తండ్రి అతనికి వెండి పువ్వుల చెప్పులు చేయించాడు. ఒక్కో చెప్పుకి ఏడు పట్టీలు. విప్పాలంటే ఒక పని, కట్టాలంటే ఇంకో పని.

మొదటి రోజు మణిధరుడు కలువపురం కాలవ గట్టు మీద నిలబడ్డాడు. పొద్దున్నే నీళ్ళు చల్లగా ఉన్నాయి. వంగి ఏడు పట్టీలూ చూశాడు, నీళ్ళు చూశాడు. దిగకుండానే "మోకాలి లోతుంది" అన్నాడు. నిజంగానే మోకాలి లోతుంది. రెండో రోజూ అలాగే అన్నాడు. ఆ రోజూ నిజమే. మూడో రోజు నుంచి అదే అలవాటైపోయింది.

పదో రోజున ఒక తుమ్మ కొమ్మ కొట్టుకొచ్చి తూములో అడ్డం పడింది. నీళ్ళు చీలమండ దాకా దిగిపోయాయి. కానీ అవి ఎర్రనీళ్ళు, పైనుంచి చూస్తే లోతు తెలియదు. తూము దగ్గరుండి నీళ్ళు పారించేవాణ్ణి నీరుగంటి అంటారు. ఆ తూము నీరుగంటి ఓబయ్య అనే ముసలాయన. కొలిచినవాళ్ళు తక్కువుందననిదే ఆయన తూము ముట్టుకోకూడదు. అందుకే చేతులు కట్టుకుని, ఒక్కసారి దిగి చూడమని బతిమాలాడు. మణిధరుడికి చిర్రెత్తింది. నా మాట మీద మాటా అన్నాడు. ఓబయ్య తలపాగా సర్దుకుని, మరి మాట్లాడలేదు.

నెల తిరిగేసరికి కలువపురం వరి ఎండిపోయింది. రైతులు వెళ్ళి కనకవర్మ ముందు కూలబడ్డారు. కనకవర్మ ఆచారం తప్పని మనిషి. పక్కరాజు బిడ్డ మోకాలి లోతుందన్నాడంటే ఉన్నట్టే. నీళ్ళున్నా పొలం ఎండిందంటే, మధ్యలో ఎవరో దారి మళ్ళించారన్న మాట. ఇంకెవరు, నీరుగంటే. ఓబయ్య తలపాగా తీయించి, ఏడు తరాలుగా వాళ్ళింట్లో ఉన్న తూము పని లాగేసుకుని వెళ్ళగొట్టాడు. ముసలాయన బోడితలతో గుట్ట మీదికి పోయి మేకలు కాసుకున్నాడు.

ఆ సంగతి మణిధరుడి చెవిన పడింది. ఆ క్షణాన చెప్పేసి ఉంటే సరిపోయేది. రేపు చెబుదామనుకున్నాడు. నీరుగంటిని మార్చినా నీళ్ళు పెరగకపోయేసరికి, మర్నాడు కలువపురం నుంచి రాయబారి వచ్చాడు.

మొదటి రాయబారి మెత్తగా, కాలవ ఇంకోసారి చూద్దాం రమ్మన్నాడు. ధీరసేనుడు నిండు సభలో కొడుకు భుజం మీద చెయ్యి వేసి, నా బిడ్డ కాళ్ళ కంటే సాక్ష్యం కావాలా అన్నాడు. ఆ చెయ్యి కింద మణిధరుడు కుంగిపోయాడు. రెండో రాయబారి వచ్చి, మీ కాలవలో దిగే మా రాకుమారి సువర్చలాదేవి చీర కుచ్చిళ్ళు రోజూ తడిసేవి, మీ రాకుమారుడి పంచె ఎవరైనా చూశారా అని అడిగాడు. ధీరసేనుడు మండిపడి అతన్ని గెంటించాడు. మూడో రాయబారికి సగం మీసం గొరిగి పంపాడు. మూడుసార్లూ మణిధరుడు అక్కడే ఉన్నాడు, మూడుసార్లూ నోరు విప్పలేదు. ఈలోగా ఎండలు ముదిరి కాలవలు రెండూ ఎండాయి. ఇక ఎవరు వచ్చి చూసినా ఏమీ తేలదు.

రెండు సైన్యాలు రెండు ఒడ్ల మీదా నిలబడ్డాయి. అప్పుడొచ్చాడు వికటదంతుడనే మాంత్రికుడు, చంకలో ఒక సొరకాయ బుర్రతో. మీ తగువు తెగేదాకా ఏరు నా దగ్గర దాచండి, తెగిన రోజున తెచ్చిస్తానన్నాడు. నెలల తరబడి ఏ ఒక్క విషయంలోనూ కలవని రాజులిద్దరూ, చూడండి వాళ్ళ తెలివి, దీనికి మాత్రం ఒకేసారి తలూపారు. మాంత్రికుడు బుర్ర మూతి తెరిచాడు. ఏరు ఏరంతా అందులోకి పోయింది. ఆ తర్వాత పడ్డ వానలూ అందులోకే పోయాయి.

తగువు ఎలా తెగుతుంది? తెగాల్సిన ముడి మణిధరుడి గొంతులో ఉంది. అతనికి అన్నం సయించలేదు. చివరికి, మాట చెప్పడం కంటే మాంత్రికుణ్ణి చంపడమే తేలికనుకుని కత్తి పట్టుకుని బయల్దేరాడు. సిగ్గుపడ్డవాడు ముందు చేసేది ఎప్పుడూ అలాంటి పనే.

ఎండిన ఏట్లో, బురదలో ఒక వాలుగ చేప కొట్టుకుంటోంది. అతను దాన్ని ఎత్తి, ఇంకా చెమ్మ ఉన్న గుంటలో వేశాడు. ఏరెందుకు ఎండిందని చేప అడిగింది. దక్షిణం వాళ్ళ వల్ల అన్నాడు. చేప నమ్మి, నువ్వు వెతికే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతల ఉన్నాడు, దారి కొంగకి తెలుసు అంది. కొంగ కాలికి చిక్కుకున్న ముల్లు తీశాడు. అదీ అదే అడిగింది. మాంత్రికుడి వల్ల అన్నాడు. కొంగ కూడా నమ్మి, ముందు ఎగురుతూ సముద్రం దాకా దారి చూపించింది. నమ్మినకొద్దీ అతనికి ఒళ్ళు ముడుచుకుపోయింది.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. అది ఏమీ అడగకుండా వీపు చూపించి ఎక్కమంది. మణిధరుడికి ఉండబట్టలేక, ఏరెందుకు ఎండిందో నువ్వడగవేం అన్నాడు.

"నేను కలువపురం తూము కిందే ఉండేదాన్ని బాబూ" అంది తాబేలు. "నీళ్ళు తగ్గి నా వీపు ఎండింది. రోజూ మీరొచ్చి నిలబడేవారు. మీ కాళ్ళు మాత్రం నేనెప్పుడూ చూడలేదు, చెప్పులే చూశాను."

ఏడు సముద్రాలు దాటేదాకా తాబేలు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. మణిధరుడు దాని వీపు మీద ముఖం కప్పుకుని కూచున్నాడు.

అవతలి దీవిలో బంగారు పంజరం, పంజరంలో చిలక. పిట్టంత అనుకునేరు, దూడంత చిలక! బలిసి బలిసి పంజరం ఊచలు వంగిపోయాయి. అది ఒకటే పలుకు పలుకుతోంది. "మోకాలి లోతుంది. మోకాలి లోతుంది." గొంతు అచ్చం మణిధరుడిదే.

మణిధరుడు కత్తి దూసి కొట్టాడు. కొట్టినకొద్దీ చిలక ఇంకా బలిసింది. మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వి, నా ప్రాణం దానిలోనే ఉంది, దాని మేత నీ గొంతులో ఉంది, నువ్వు మింగుకున్న మాటే అది తింటుందని చెప్పాడు. ఇన్నాళ్ళూ మేపినందుకు దణ్ణం కూడా పెట్టాడు.

కత్తి కింద పడేసి మణిధరుడు, నేను నీళ్ళలో దిగలేదు అన్నాడు. అంతే, చిలక కోడంతకి తగ్గింది. మాంత్రికుడు ఉలిక్కిపడి మళ్ళీ నవ్వాడు. ఈ దీవిలో చెబితే ఎవడు విన్నాడు, చిలకని నువ్వే తీసుకుపో, మీ నాన్న ఎదుట చెప్పు చూస్తానన్నాడు. ఏడాది పాటు చెప్పలేనివాడు ఇప్పుడేం చెబుతాడని ధీమా. ఆ వేడుక చూద్దామని బుర్ర చంకలో పెట్టుకుని తనే వెంట వచ్చాడు.

జంటేటి ఇసకలో రాజులిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కనకవర్మ పక్కన సువర్చల ఉంది. మణిధరుడు వంగి పట్టీలు విప్పాడు. ఒక్కో చెప్పుకి ఏడు. అందరూ చూస్తుండగా అన్నీ విప్పి, వట్టికాళ్ళతో కలువపురం కాలవలోకి దిగాడు. అందులో ఇప్పుడు దుమ్మే ఉంది.

"నాన్నగారూ, నేను ఒక్కరోజు కూడా దిగలేదు. చెప్పులు తడుస్తాయని గట్టు మీంచే చెప్పాను. కలువపురం వాళ్ళు అబద్ధమాడలేదు. నేనే ఆడాను."

ధీరసేనుడు ఆనాడు సభలో కొడుకు భుజం మీద వేసిన చేతిని వెనక్కి దాచుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. అది చూసి మణిధరుడికి ఆ దుమ్ములోనే పూడిపోవాలనిపించింది.

చిలక పిచ్చుకంతయింది. కానీ చావలేదు. సన్నగా ఇంకా "మోకాలి లోతుంది" అంటూనే ఉంది. మాంత్రికుడు దగ్గుతూనే పళ్ళికిలించాడు. ఇంకెవరికి చెప్పాలని మణిధరుడు దిక్కులు చూశాడు.

"ఓబయ్యకి" అంది సువర్చల.

గుట్ట ఎక్కాడు. వెనక ఇద్దరు రాజులూ, రెండు సైన్యాలూ, చిలకతో పాటే ఈడ్చుకుంటూ మాంత్రికుడూ. ఓబయ్య ఎండలో బోడితలతో మేకల్ని తోలుతున్నాడు. మణిధరుడు ఆయన కాళ్ళ దగ్గర కూచుని, నా అబద్ధం నీ నెత్తిన పడింది, తెలిసీ ఊరుకున్నాను అని చెప్పాడు.

"తెలుసు బాబూ" అన్నాడు ఓబయ్య. "ముప్పై రోజులూ గట్టు మీదే ఉన్నాను కదా. మీ కాళ్ళు తడవలేదని చూస్తూనే ఉన్నాను. కొలిచినవారి మాట మీద మాట అనడం మాకు లేదు. అందుకే ఊరుకున్నాను."

నోరు మూసుకున్నది తనొక్కడే కాదని మణిధరుడికి అప్పుడు తెలిసింది. తను సిగ్గుతో మూసుకున్నాడు, ఈయన నమ్మకం నిలబెట్టడానికి మూసుకున్నాడు. మణిధరుడు వెక్కివెక్కి ఏడ్చాడు. చిలక ముక్కు మూసింది. పంజరంలో ఒక్క పచ్చ ఈక మిగిలింది. మాంత్రికుడు ఖాళీ గోనెసంచిలా కూలిపోయాడు. అతని చంకలోంచి బుర్ర జారి, గుట్ట మీంచి దొర్లి, ఏట్లో పడి పగిలింది. జంటేరు తిరిగొచ్చింది.

కనకవర్మ తన తలపాగా తీసి తన చేత్తోనే ఓబయ్యకి చుట్టాడు. చుడుతున్నంతసేపూ ఆయన ముఖం చూడలేకపోయాడు. ధీరసేనుడు ఏరు దాటి మూడో రాయబారి ఇంటికి వెళ్ళాడు. మీసం అప్పటికి మళ్ళీ మొలిచింది. అయినా రాజు ఆ మీసం వంక చూడలేక తల దించుకునే క్షమించమన్నాడు. మేడిపురం గాదెల్లోని ధాన్యం మూడు పడవల్లో కలువపురానికి వెళ్ళింది.

పెళ్ళి మాట ఎవరో ఎత్తారు. సువర్చల, మూడేళ్ళు మా కాలవలో దిగనివ్వండి, తర్వాత చూద్దామంది. మూడేళ్ళు దిగాడు. ఆ తర్వాత ఏటి మధ్య పడవలో, రెండు ఒడ్ల జనం చూస్తుండగా పెళ్ళయింది. రెండు రాజ్యాల్నీ వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు చల్లగా ఏలారు.

రాజయ్యాక కూడా మణిధరుడు తూము దగ్గరికి తనే వెళ్ళేవాడు. నీళ్ళలోంచి బయటికొచ్చి, గట్టు మీద కూచున్న ఓబయ్య ముందు నిలబడి కాళ్ళు చూపించేవాడు. అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఓబయ్యకి బాగా ముసలితనం వచ్చి చూపు మందగించింది. ఒకరోజు, ఇక చూపించక్కర్లేదు బాబూ, మీ మాట మీద నాకు నమ్మకమే అన్నాడు.

"ఆనాడూ నమ్మకంతోనే ఊరుకున్నావు ఓబయ్యా. చూడు" అన్నాడు మణిధరుడు.

ఓబయ్య చెయ్యి చాపి తడిమి చూశాడు. మోకాలి దాకా తడిగానే ఉంది. ఏటి కథ ఏట్లో కలిసింది, విన్నవాళ్ళందరూ చల్లగా ఉండండి.