ఏనుగును పుట్టించిన బిళ్ళ

రాజు మల్లభూపతి ఏదైనా ముందు ఇచ్చేస్తాడు, ఆ తర్వాత ఆలోచిస్తాడు. ఓ ఉదయం ఉన్నట్టుండి తన ఏనుగు కొండయ్యను పెద్దరాణికి కానుకగా ఇచ్చేశాడు.

ఏనుగును ఇవ్వడమంటే ఆ కోటలో చేతికి ఓ రాగి బిళ్ళ ఇవ్వడమే. ఒక్కో ఏనుగుకు ఒక్కో గుర్తు. కొండయ్యది నెలవంక. నెలవంక బిళ్ళ చూపిస్తే మావటి కొండయ్యను తోలుకొస్తాడు. వాసన పడక రాజనగరులోవాళ్ళెవరూ గజశాల ఛాయలకు పోరు. బిళ్ళే ఏనుగనుకుని హాయిగా ఉన్నారు.

చిన్నరాణి అలిగింది.

"ఈమెకూ ఓ ఏనుగును చూడు," అని రాజు, నగరు పెత్తనం చేసే తిప్పరాజుకు చెప్పాడు.

తిప్పరాజు అదే నెలవంకతో బంగారు బిళ్ళ చేయించి తెచ్చాడు. చిన్నరాణి దాన్ని పంపితే నిజంగానే ఏనుగు వచ్చింది. రాజు మురిసిపోయి అతనికి శాలువా కప్పాడు, 'గజబ్రహ్మ' అని బిరుదూ ఇచ్చాడు.

పెద్దరాణి తన ఏనుగు నుదుట తామరపువ్వు వేయించింది. మర్నాడు చిన్నరాణి పిలిపిస్తే ఆ ఏనుగు నుదుటా తామరపువ్వే.

"నా ఏనుగు మీద ఆమె పువ్వేమిటి?" అని చిన్నరాణి మండిపడింది.

"కవల ఏనుగులమ్మా," అని తిప్పరాజు మీసం దువ్వాడు.

రథోత్సవం నాడు రాణులిద్దరూ ఒకేసారి బిళ్ళలు పంపారు. ఏనుగు ఒక్కటే వచ్చింది.

"రెండోదాన్ని మావటి అమ్ముకున్నాడు ప్రభూ," అన్నాడు తిప్పరాజు తడుముకోకుండా.

మావటి కోనప్ప నెత్తీ నోరూ బాదుకున్నాడు. నెలవంక ఏనుగు తన దగ్గర ఎప్పుడూ ఒకటేనన్నాడు. రాజు వినలేదు. పొద్దుగూకేలోగా రెండో ఏనుగు రాకపోతే పెళ్ళాం బిడ్డలతో రాజ్యం విడిచి పోవాలన్నాడు.

రాజు పక్కన చెన్నాంబ తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. కోనప్ప ఆమె తోడబుట్టినవాడు. చెన్నాంబ ఆలోచించింది. ఏనుగు ఒకటేనని అన్న చెబితే నమ్మలేదు, తను చెప్పినా నమ్మరు. ఆ మాట తిప్పరాజు నోటితోనే చెప్పించాలి.

సాయంత్రం సభలో ఆమె రాజుకు దణ్ణం పెట్టింది.

"ప్రభూ, మా అన్న తప్పు నేను దిద్దుతాను. ఏనుగును తెచ్చాను."

రాజు వాకిలి వైపు చూశాడు. అక్కడేమీ లేదు. చెన్నాంబ కొంగుముడి విప్పి, నెలవంక ఉన్న సీసపు బిళ్ళ తీసి తిప్పరాజు చేతిలో పెట్టింది.

"ఇదుగోనయ్యా, కొత్త ఏనుగు. మధ్యాహ్నమే పోత పోయించాను. చిన్నరాణిగారి కోసం తమరే పిలిపించండి."

తిప్పరాజు ముఖం చిట్లించాడు.

"మతి పోయిందా నీకు? బిళ్ళ పోయిస్తే ఏనుగు పుడుతుందా? శాలలో జంతువంటూ ఉంటే కదా, బిళ్ళ చూపిస్తే వచ్చేది."

చెన్నాంబ చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అడిగింది.

"మరి తమరి బంగారు బిళ్ళకు ఏ జంతువును తెచ్చి శాలలో కట్టారయ్యా?"

తిప్పరాజు సీసపు బిళ్ళను గబుక్కున గుప్పిట్లో దాచాడు.

రాజు కాసేపు రెండు వేళ్ళు ఎత్తి చూసుకున్నాడు, ఒకటి మడిచాడు. ఆపైన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అంటే ఇన్నాళ్ళూ ఇద్దరు రాణులూ ఒక్క కొండయ్యనే తిప్పారన్నమాట. పాపం, ఎంత అలిసిపోయిందో. కోనప్ప ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ బంగారు బిళ్ళ కరిగించి చెన్నాంబకు గాజులు చేయించండి. తిప్పరాజూ, చిన్నరాణికి నువ్వింకా ఓ ఏనుగు ఇవ్వాలి. అడవి దారి తెలుసుగా?"

సభ గొల్లుమంది.