రాగిరేకు మీది మరక

అనగనగా జర్మనీ దేశంలో ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక ఊరు. రాజులు మారినా ఆడవాళ్ల చాకిరీ మారని కాలం అది.

ఆ ఊళ్లో ఒటీలియా అని ఒకామె ఉండేది. రాగిరేకు మీద సన్నటి ఉలితో బొమ్మలు చెక్కేది. గీతల్లో సిరా నింపి, పైపైన తుడిచి, కాగితం పెట్టి ఒత్తితే, ఆమె చూసిందంతా కాగితం మీదికి దిగేది.

చెక్కేది చెల్లెలు. పేరు మాత్రం అన్నయ్యది. అన్న లాంబర్ట్ పొద్దున పైపు వెలిగించి, మధ్యాహ్నం కునుకు తీసి, సాయంత్రం లేచి బొమ్మ అడుగున తన పేరు చెక్కేవాడు. రోజంతటికీ అతను పడే కష్టం అదే.

మొదట ఒటీలియా వంతెన చెక్కింది.

"అన్నయ్యా, నా చెయ్యి చేసింది, నా పేరు చెప్పాలి," అంది.

"ఆడదాని పేరుంటే బొమ్మ ఎవడు కొంటాడే?" అన్నాడు.

తర్వాత గంటల గోపురం చెక్కింది.

"నా చెయ్యి చేసింది, నా పేరు చెప్పాలి."

"నీకు కూడు పెట్టేది నా పేరే."

"ఆ కూడు వండేది కూడా నా చెయ్యే," అంది.

మూడోసారి ఆమె అడగలేదు. ఏట్లో బట్టలుతికే ఆడవాళ్లను చెక్కింది. ఎవరి ముఖం వాళ్లు పోల్చుకునేలా చెక్కింది. అడుగున తన పేరు లోతుగా దించింది.

లాంబర్ట్ చూశాడు. పేరును గీకేశాడు, నున్నగా రుద్దాడు, పక్కన తన పేరు చెక్కి అచ్చొత్తాడు. ఒటీలియా పేరు పోయింది. పోయినచోట నల్లగా మరక పడింది. గీకినచోట రాగి గుంటపడింది, గుంటలో సిరా నిలిచింది మరి.

"మబ్బు నీడ," అని చెప్పి అమ్మబోయాడు. ఎవరూ నమ్మలేదు. మళ్లీ గీకాడు. మరక పెరిగింది. "పడవ," అన్నాడు. మూడోసారి గీకాడు. మరక బొమ్మలో బట్టలుతుకుతున్న వాల్‌బుర్గా అనే ఆమె కాళ్లదాకా పాకింది.

ఆ వాల్‌బుర్గాయే బొమ్మ చూడటానికి వచ్చింది.

"ఏమయ్యా, నేనుతికేచోట ఇంత మురికి ఎప్పుడైనా చూశావా?" అని అతన్ని అడిగి, ఒటీలియా వైపు తిరిగింది. "ఇక్కడ ఏముండేదమ్మా?"

"నా పేరు," అంది ఒటీలియా.

ఆ మాట ఆ పూటే రేవంతటికీ తెలిసింది.

లాంబర్ట్ దిగివచ్చాడు. "దీన్ని బాగుచేయడం నీకు తెలుసు కదే."

"తెలుసు. వెనకనుంచి సుత్తితో కొడితే గుంట పైకి లేస్తుంది. లేచినచోట నా పేరు ఉండనిస్తావా?"

"చచ్చినా ఉండనివ్వను."

"అయితే నేను చచ్చినా కొట్టను."

ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు.

ఒక చలికాలంలో ఒటీలియా పోయింది. బట్టలుతికే ఆడవాళ్లే శవపేటిక మోశారు. ఆ తర్వాత రేవు చుట్టూ ప్రతి ఇంటి గోడకూ ఆ బొమ్మే. మరక ఉంటేనే కొన్నారు. లాంబర్ట్ మరకతోనే ఒత్తి ఇచ్చాడు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున ఆడవాళ్లు రొట్టె చేసినా, దుప్పటి నేసినా, బొమ్మ గీసినా ఒక మూల బొటనవేలి గుర్తు వేస్తారు. ఎవరైనా మగాడు వేలు చూపించి "ఇదేదో మరక పడిందే" అంటాడు.

"మరక కాదు, ఒటీలియా," అంటారు వాళ్లు.