చెత్త తీసేవాళ్ళ తలుపు

పరంజ్యోతి, ఇరవై ఏడేళ్ళు. ఏ కాగితమైనా నిలబడే చదువుతుంది.

మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ విభాగంలో చేరి పదకొండు నెలలైంది. ఇంకో నెలలో ప్రొబేషన్ ముగుస్తుంది. ఆ రోజు సాయంత్రం నాలుగింటిలోగా ఆమె ఒక ప్లాన్ మీద సంతకం పెట్టాలి. షాపింగ్ సెంటర్ ఆవరణలో కట్టబోయే డ్రైవ్-త్రూ హోటల్ ప్లాన్ అది. కారు దిగకుండా ఒక కిటికీ దగ్గర ఏం కావాలో చెప్పి, ఇంకో కిటికీ దగ్గర తిండి అందుకుని, భవనం చుట్టూ తిరిగి వెళ్ళిపోవచ్చు. ఆ ఊరికి అదే మొదటిది. దీపావళికి తెరవాలని యజమాని తొందర. యజమాని కంటే ఎక్కువ తొందర కమిషనర్‌ది.

ఆర్కిటెక్ట్ కోదండపాణిని ఆమె మూడుసార్లు తిప్పింది. కార్ల వరుస మెయిన్ రోడ్డు మీదికి వస్తోందని ఒకసారి, మలుపులో పెద్ద కారు తిరగదని ఒకసారి, ఫైరింజన్‌కి దారి లేదని ఒకసారి. మొదట్లో "అమ్మాయ్" అన్నవాడు మూడోసారికి "మేడమ్" అన్నాడు. ఆ మార్పు పరంజ్యోతికి చాలా నచ్చింది. నచ్చదా మరి? ఆ ఆఫీసులో అటెండర్ కూడా మగవాళ్ళని సార్ అంటాడు, ఆమెని పేరు పెట్టి పిలుస్తాడు.

నాలుగో ప్లాన్ తీసుకుని పరంజ్యోతి తన పై అధికారి జుబేదా గదిలోకి వెళ్ళింది. కోదండపాణి వెనకే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జుబేదా రిటైర్మెంటుకి ఏడాది ఉంది. పరంజ్యోతికి పని నేర్పుతున్నది ఆవిడే. నేర్పేటప్పుడు ఎక్కువ మాట్లాడదు.

"ఇంక వంక పెట్టడానికేం లేదు మేడమ్. ప్రతి మలుపూ కొలిచాను," అంది పరంజ్యోతి.

జుబేదా కాగితాలు ఒక్కొక్కటీ తిప్పింది.

"కార్లన్నీ పట్టాయా?"

"పట్టాయి మేడమ్."

జుబేదా లేచింది. "ఆ చెత్తబుట్ట ఒక చేత్తో, ఆ ఎంగిలి కప్పుల బకెట్ ఒక చేత్తో పట్టుకో. ఐదు నిమిషాలాగి వెనక తలుపులోంచి బయటికి రా."

"అటెండర్ ఉన్నాడు కదా మేడమ్?"

"ఉన్నాడు. నువ్వే రా," అంటూ జుబేదా బయటికి వెళ్ళిపోయింది.

కోదండపాణి నవ్వు ఆపుకోవడం ఆమె చూసింది. చెవులు వేడెక్కాయి. గోడ మీద గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ఆవిడ తనని ఆర్కిటెక్ట్ ముందు ఎందుకు చిన్నబుచ్చుతోందో అర్థం కాలేదు. అయినా రెండూ ఎత్తింది.

వెనక తలుపు గడియ తీసే ఉంది. చేతులు రెండూ నిండిపోయాయి. పరంజ్యోతి వెనక్కి తిరిగి, తలుపుని వీపుతో నెట్టుకుంటూ బయటికి ఒక అడుగు వేసింది.

హారన్ మోగింది. బ్రేకు కీచుమంది. ఆఫీసు జీపు ముందు కొస బకెట్‌కి తగిలింది. ఎంగిలి టీ ఆమె కుచ్చిళ్ళ మీద ఒలికింది.

జీపు నడకంత నెమ్మదిగానే వస్తోంది.

"నాతో ఇట్టాంటి పనులు చేయించకండి మేడమ్!" డ్రైవర్ సైదులు చెమట తుడుచుకుంటూ అరిచాడు. "గుండాగిపోయింది!"

పక్క సీట్లోంచి జుబేదా అడిగింది. "ముందే కనిపించలేదా?"

"తలుపు తీసేదాకా మనిషి ఎట్టా కనిపిస్తదండీ?"

జుబేదా దిగి బకెట్ అందుకుంది. పరంజ్యోతి వైపు చూసి ఒక్క మాటే అంది.

"చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు గీసిన ప్లాన్ అది."

పరంజ్యోతి లోపలికి పరిగెత్తింది. సైట్ ప్లాన్‌లో హోటల్ అంటే అడ్డగీతలతో నింపిన ఒక పెట్టె. తలుపులు వేరే కాగితంలో ఉంటాయి. ఈ ఉద్యోగంలో అందరూ ఒక కాగితం చూడటం ముగించాకే రెండోది తీస్తారు. తనూ అంతే చేసింది. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టింది. వంటింటి వెనక తలుపు బయటికి తెరుచుకుంటోంది. తెరుచుకునేది సరిగ్గా కార్లు మలుపు తిరిగి వచ్చే దారిలోకే. గోడకీ ఆ దారికీ మధ్య జానెడు చోటు కూడా లేదు.

"అది చెత్త తీసేవాళ్ళ తలుపు మేడమ్," అన్నాడు కోదండపాణి. "కస్టమర్లెవరూ అటు రారు."

"ఎవరొస్తారు?"

"క్లీనింగ్‌కి ఆడవాళ్ళుంటారు కదా. వాళ్ళు అలవాటు పడతారు లెండి."

ఆమె ఆ తలుపు చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టింది.

"పోనీ, లోపలికి తెరుచుకునేట్టు మార్చేస్తాను. పది నిమిషాల పని."

"తలుపు లోపలికి తెరిస్తే, మనిషి అడుగు ఎక్కడ పడుతుంది?"

కార్ల దారిని గోడకి దూరంగా జరపాలి. జరిపితే తొమ్మిది కార్ల పార్కింగ్ పోతుంది. పోతే షాపింగ్ సెంటర్ మొత్తానికి ఉండాల్సిన పార్కింగ్ లెక్క తప్పుతుంది, ప్లాన్ మళ్ళీ మొదటికొస్తుంది. దీపావళి దాటిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఫోన్ మోగింది. కమిషనర్. "ఏమ్మా, సంతకమైందా? నీ ప్రొబేషన్ ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉంది."

పరంజ్యోతి జుబేదా వైపు చూసింది. జుబేదా కిటికీ దగ్గర నిలబడి బకెట్‌లో కప్పులు సర్దుతోంది. ఇటు తిరగలేదు.

"రాసి పంపిస్తాను సార్," అంది పరంజ్యోతి.

నాలుగింటికి రాసి పంపింది. 'సిబ్బంది తలుపు బయట మనిషి నిలబడే చోటు లేదు. ఆమోదించను.'

ఆమె ప్రొబేషన్‌ని ఆరు నెలలు పొడిగించారు. ఆ ఆరు నెలల్లో పరంజ్యోతి ఇంకో పద్నాలుగు ప్లాన్లు తిప్పి పంపింది.