పిలవని పురుగులు

విశాలాక్షి గారు ఏ ప్రశ్నకైనా అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబిచ్చినట్టు ఆవిడ శిష్యుల్లో ఎవరికీ గుర్తులేదు. ఏళ్ళ తరబడి పేటెంటు దరఖాస్తులు పరిశీలించి, తర్వాత కీటకశాస్త్రం బోధించడానికి వచ్చిన మనిషి. ఆ సంగతి తెలిసే శిష్యురాలు నసీమా ఆవిడను నూజివీడు దగ్గరి తమ మామిడితోటకు తీసుకొచ్చి మరీ అడిగింది.

"మేడమ్, తులసి రసానికి పండు ఈగలు వస్తాయని అందరికీ తెలుసు. పులిసిన బెల్లం నీళ్ళకు వస్తాయనీ తెలుసు. రెండూ కలిపి ఎర చేసింది మాత్రం నేనే. దీనికి పేటెంటు వస్తుందా?"

ఆ ఎరను నమ్ముకునే ఆమె చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుంది.

"ఈగలనే అడుగుదాం," అన్నారు విశాలాక్షి గారు.

ఒక కొమ్మకు తులసి ముంత, బెల్లం ముంత పక్కపక్కనే కట్టించారు. దూరంగా ఇంకో కొమ్మకు నసీమా ఎర ఉన్న ముంత. మర్నాడు దించి చూస్తే తులసికి మగ ఈగలు వచ్చాయి, బెల్లానికి ఎక్కువగా ఆడవి. నసీమా ముంతలో రెండు రకాలూ ఉన్నాయి. అయితే ఆ రెండు ముంతల్లోవీ ఒకచోట పోస్తే, ఇంచుమించు ఈ ముంతలో పడ్డన్నే.

"అంటే నేను కలిపి ఒరగబెట్టిందేమీ లేదు," అంది నసీమా.

"ఒకే ఇంట్లో వేరు కాపురాలు," అన్నారావిడ. "దేని పని అది చేసుకుంటోంది, కలిసి కొత్తగా చేసిందేమీ లేదు. దానికి పేటెంటు అడగలేం."

నసీమా ముంత కడగడానికి లేచింది. అడుగున నల్లటి చెత్తేదో ఉంటే పారబోయబోయింది.

"ఆగు."

విశాలాక్షి గారు ఆ చెత్తను మామిడాకు మీద పరిచారు. దానికి కాళ్ళున్నాయి, పొడుగాటి ముక్కులున్నాయి. టెంక పురుగులు! పైకి మచ్చ కూడా కనబడనివ్వకుండా లోపల్లోపలే కాయను పాడుచేసి, ఏటా నసీమా తండ్రిని ఏడిపించేవి అవే. వాటిని రప్పించే ఎర ఉందని ఆమె ఎక్కడా చదవలేదు, ఎవరి నోటా వినలేదు. గబగబా వెళ్ళి మిగతా రెండు ముంతలూ వెతికింది. ఒక్కటీ లేదు. నమ్మకం కుదరక, కొమ్మలు మార్చి మళ్ళీ కట్టింది. మర్నాడు మళ్ళీ వచ్చాయి, కలిపిన దానికే.

"కానీ మేడమ్, నేను కలిపింది వీటి కోసం కాదు కదా!"

విశాలాక్షి గారు చెప్పులు వేసుకుంటూ అన్నారు: "ఎవరొస్తారో తెలిసి పిలవడంలో కొత్తేముంది నసీమా?"