కర్రకీ కర్రకీ మధ్య

పరాంకుశం మాస్టారు పటం గీసేటప్పుడు ముందు నదులు గీసేవారు, తరవాత కొండలు, ఆ తరవాత ఊళ్ళు. సరిహద్దులు అన్నిటికంటే చివర. అవి కూడా పెన్సిలుతో గీసి, కాగితాన్ని రెండు రోజులు పక్కన పెట్టి, మూడో రోజున గానీ సిరా ముట్టుకునేవారు కాదు. సర్వే శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక రాజమండ్రిలో తన ఇంటి వసారాలోనే మాబోటివాళ్ళకి పటాలు గీయడం నేర్పారు. సరిహద్దులు చివరికెందుకండీ అని అడిగితే, "అవి ఆఖర్న వచ్చినవి గనక" అనేవారు. అంతకుమించి ఆయన చేత వాదన చేయించినవాడు మాలో లేడు.

మాలో తెలివైనవాడు కోదండపాణి. గీత గీస్తే వెంట్రుకంత సన్నంగా వచ్చేది. ఆ సంగతి మాకంటే అతనికే ఎక్కువ తెలుసు. హైదరాబాదులో ఒక అట్లాసుల కంపెనీలో చేరి ఆరేళ్ళలో పటాల విభాగానికంతటికీ పెద్దయ్యాడు. అటువంటివాడు ఒక మాఘమాసం ఉదయాన జేబులో రాజీనామా ఉత్తరంతో మాస్టారి వసారాలో దిగాడు. ఇంట్లో భార్యకి ఇంకా చెప్పలేదట.

"కొత్త ప్రపంచ పటం వేస్తున్నామండి మాస్టారూ," అన్నాడు. "రెండు దేశాలు ఒకే లోయని మాదంటే మాదంటున్నాయి. ఆ దేశంలో అమ్మే పటంలో గీత ఇటు జరగాలట, ఈ దేశంలో అమ్మేదాంట్లో అటు జరగాలట. లేకపోతే పుస్తకాలు రేవులోనే ఆపేస్తారట. మిగతా లోకానికి చుక్కల గీత పెట్టమంటున్నారు. ఇలాంటి చోట్లు ఒకటా రెండా, ప్రపంచం నిండా ఉన్నాయి. ఒక్క నేలకి మూడు పటాలేమిటండీ? ఇందులో నిజం ఏది? చుక్కల గీతంటే గోడ మీద పిల్లివాటం. నా చేత్తో అది గీయను. ఉద్యోగం మానేస్తాను."

మాస్టారు ఉత్తరం అందుకుని మొదటినించీ చివరిదాకా చదివారు. దస్తూరీ బాగుందన్నారు. తరవాత, "మానెయ్యడానికి ఎల్లుండిదాకా ఆగొచ్చుగా? రేపు లంకకి పోదాం రా. నీ కొలిచే మిషను కూడా పట్టుకురా," అన్నారు.

తరవాత జరిగింది కోదండపాణే నాకు చెప్పాడు, కొంత దాచి. దాచింది మాస్టారు చెప్పారు.

ఆ లంక గోదావరి నడుమ ఉంది. ఒక ఒడ్డున తూర్పుపాలెం, రెండో ఒడ్డున పడమటిపాలెం. లంక మాదంటే మాదని తాతలనాటినించీ తగువు. పడవెక్కే ముందు పడమటిపాలెం పంచాయతీ గోడ మీద ఊరి పటం కనిపించింది. అందులో లంక మొత్తం ఆకుపచ్చ రంగేసి ఊళ్ళో కలిపేసి ఉంది.

"తూర్పుపాలెం గోడ మీద కూడా ఇలాగే ఉంటుంది. వాళ్ళది పసుపు రంగు," అన్నారు మాస్టారు.

"మరి ప్రభుత్వం వారి పటంలోనండీ?"

"అందులో పాత వరదకి ముందున్న లంక ఉంది. అది ఇప్పుడు నీళ్ళల్లో ఉంది."

ఏటా వరద తీసి, ఇసక కుదురుకుని, దోసపాదులు నాలుగాకులు వేశాక, రెండు పాలేల పెద్దలూ లంక మీద కలుసుకుని మధ్యలో వెదురు కర్రలు పాతుతారు. అక్కడి ఆచారం ఏమిటంటే, కర్రకీ కర్రకీ మధ్య దూరం నీళ్ళ కావిడి పెట్టి కొలుస్తారు. ఆ సందులో కావిడి అడ్డంగా పట్టాలి. అంతకంటే తగ్గడానికి వీల్లేదు. ఆ రోజు కావిడి పట్టుకు నిలబడింది పడమటిపాలెం ఆదెమ్మ. మొగుడికి నడుం పట్టేశాక ఆ మోత ఆవిడే ఎత్తుకుంది.

కోదండపాణికి నవ్వొచ్చింది. ఉపగ్రహాలు దారి చెప్పే కాలంలో కావిడితో కొలతేమిటి? వంతెన కట్టడానికి వచ్చిన ఇంజనీరులా మిషను బయటికి తీసి, రెండు ఒడ్లకీ సరిగ్గా నడిమధ్య ఎక్కడో జానెడు తేడా లేకుండా తేల్చి చెప్పాడు. పెద్దలు నోళ్ళు తెరిచారు. వాళ్ళ ఆశ్చర్యం చూసి అతనికి ఇంకాస్త ఊపు వచ్చింది. ఆ వరసలోనే దూరదూరంగా కర్రలు పాతించి, పడవ తాళ్ళు అరడజను ముడేయించి, కర్రనించి కర్రకి తనే బిగించి కట్టాడు. లంక ఈ చివరినించి ఆ చివరికి ఒక్క సందు లేకుండా, అతని గీతల్లాగే, తాడు తిన్నగా సాగింది. మాస్టారు బోర్లించిన గంప మీద కూచుని జామకాయ తింటున్నారు.

చివరి ముడి పడ్డాక ఆదెమ్మ నీళ్ళకని కావిడెత్తుకుంది. సముద్రప్పోటుకి అక్కడ గోదావరి నీళ్ళు ఉప్పెక్కుతాయి, లంక మొత్తానికి మంచినీళ్ళ చెలమ ఒక్కటే. ఇసకలో తవ్విన ఆ గుంట తాడుకి అవతల, పది అడుగుల దూరంలో పడింది. తూర్పుపాలెం ఏసుపాదం దాని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆదెమ్మొదినా, నా మీద కోప్పడకు. తాడు కట్టేశారుగా. చెలమ మా పాలెందంట," అన్నాడు, ఆవిడ మొహం చూడలేక కాళ్ళకేసి చూస్తూ. నిన్న సాయంత్రం ఆ చెలమ నీళ్ళు ఆవిడ కుండలోంచే తాగాడు.

పడమటిపాలెం కుర్రాళ్ళు ఊరుకుంటారా? "అయితే నీ గేది మా నేల మీద పడుకుంది చూసుకో. అదీ మాదే!" అన్నారు. నిజమే, ఏసుపాదం గేదె తాడుకి ఇవతల హాయిగా నెమరేస్తోంది. ఏసుపాదం పిలిచాడు. అది చెవి విదిల్చింది గానీ లేవలేదు. ముందు కొందరు నవ్వారు. తరవాత ఒకడు గేదె పలుపు పట్టుకున్నాడు, ఇంకొకడు వాడి చొక్కా పట్టుకున్నాడు. పాతిన తరవాత మిగిలిన కర్రలు రెండు మూడు చేతుల్లోకి వచ్చాయి. ఎండ ఎక్కుతోంది. ఆదెమ్మ దోసపాదులు అప్పుడే ఆకులు వేలాడేస్తున్నాయి. ఆ పూట నీళ్ళు తప్పితే ఆ ఏటి పంట తప్పినట్టే.

కోదండపాణి మిషను మళ్ళీ చూసుకున్నాడు. తన కొలతలో జానెడు తప్పు కూడా లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. మాస్టారికేసి చూశాడు. మాస్టారు జామకాయ గింజలు చూసుకుంటున్నారు.

ఆదెమ్మ కుండలు దింపి, కొట్లాటకేసి పోకుండా తిన్నగా అతని దగ్గరికే వచ్చింది.

"కట్టింది మీరే కదా బాబుగారూ. ఇప్పండి."

"అసలు కర్రలే పీకించేస్తానమ్మా," అన్నాడు కోదండపాణి గాభరాగా.

"ఒద్దొద్దు, కర్రలుండనివ్వండి. కర్రల్లేకపోతే మా మగాళ్ళకి నిద్ర పట్టదు. సందు లేకపోతే నా పాదులకి నీళ్ళుండవు."

అతను ముడి విప్పబోయాడు. బడాయికి బిగించిన ముడి, ఓ పట్టాన రాలేదు. ఏసుపాదం అటునించి వచ్చి, గొణుక్కుంటూ, రెండో కొస పట్టుకున్నాడు. తాడు ఇసక మీద పడగానే ఆదెమ్మ కావిడి భుజానికెత్తుకుని రెండు కర్రల మధ్యనించి అవతలికి నడిచింది. ఏసుపాదం గేదె ఎవరూ పిలవకుండానే లేచి, పక్క సందులోంచి తన ఊరివైపు పోయింది. పలుపు పట్టుకున్నవాడు దాంతోపాటు నాలుగడుగులు వేసి వదిలేశాడు. కర్రలు పట్టుకున్నవాళ్ళు కాసేపు అలాగే నిలబడి, చేతిలో ఉన్నాయి గదా అని, కావిడి కొలత ప్రకారం మధ్యమధ్య పాతడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం రెండు పాలేలవాళ్ళూ ఒకే చోట కూచుని అన్నాలు తిన్నారు. లంక ఎవరిదన్న వాదన మళ్ళీ మొదలైంది. అది రోజూ ఉండేదేనట.

తిరుగు పడవలో కోదండపాణి మిషను సంచీలో పెట్టేశాడు. మాస్టారు అన్నారు. "ముప్పై రెండేళ్ళ కిందట ఇక్కడ వరసగా రాళ్ళు పాతించి, వాటి మీదుగా గోడ కట్టించింది నేనే. నా కొలతా తప్పలేదు. ఆ ఏడు లంక మీద ఒక్క దోసకాయ కాయలేదు. తరవాత వరదొచ్చి గోడని పట్టుకుపోయింది. గోదావరికి ఇప్పటికీ మొక్కుతూంటాను."

కోదండపాణి జేబులోంచి ఉత్తరం తీసి నాలుగు మడతలు పెట్టాడు. ఆ రాత్రి భార్యకి చెప్పవలసిన సంగతి ఒకటి తగ్గిందని అతనికి ప్రాణం తేలికపడింది.

"మరి ఆ రెండు పటాల సంగతేమిటండీ? అటు జరిపిందీ, ఇటు జరిపిందీ?"

"అవి గోడలకి. చుక్కల గీత నడిచేవాళ్ళకి."

పడవ ఒడ్డుకి వచ్చింది. "చుక్కల గీతే గీస్తానండి మాస్టారూ," అన్నాడు కోదండపాణి.

"గియ్యి. చుక్కకీ చుక్కకీ మధ్య కావిడి పట్టాలి సుమా."

కోదండపాణి నవ్వేశాడు. "ప్రపంచ పటమండి అది! అందులో కావిడి కాదుగదా, గోదావరే సరిగా పట్టదు."

మాస్టారు పంచె పైకెత్తి నీళ్ళల్లోకి దిగుతూ, "అయితే ఇంకాస్త వదులు," అన్నారు.