సముద్రం ముందు ఊడ్చిన కోడలు

ఒరే కొండలూ, దుప్పటి నీ ఒక్కడిదేనా? చెల్లికీ కప్పు. ఊఁ కొట్టాలి మరి, ఊఁ ఆగితే కథాగిపోద్ది.

అనగనగా ఒక ఊరు. తూర్పున సముద్రం, మిగతా మూడు పక్కలా ఇసకే. ఆ ఊళ్ళో బంగారమ్మని ఒక అత్త, పోలమ్మని ఒక కోడలు. అత్త నోరు తెరిస్తే చేపల బజారే. కోడలికేమో అమ్మ లేదు, అయ్య లేదు, పోదామంటే పుట్టిల్లే లేదు.

ఆ దేశం రాజుకి తాబేలు గుడ్లంటే పిచ్చి. రోజూ పొద్దుపొడిచేసరికి బంట్లు గునపాలేసుకుని దిగిపోయేవోరు. తాబేలు ఒడ్డుకొచ్చి, గుడ్లెట్టి, ఇసక కప్పి వెళ్ళిపోద్ది కదా, బండి చక్రం పోయినట్టు జాడ పడిపోద్ది. తాబేలు నడిస్తే జాడ. జాడ చూస్తే బంటు. బంటు తవ్వితే గుంట. గుంట తవ్వితే గుడ్లు పోయె. గుడ్లు పోతే పిల్లలేవీ? ఊఁ కొడుతున్నారా?

పోలమ్మ అది చూళ్ళేకపోయేది. ఇంక తెల్లారుద్దనగా చీపురట్టుకెళ్ళి, నీళ్ళ దగ్గర్నించి గుంటదాకా ఆ జాడంతా ఊడ్చేసేది. ఊడ్చి ఊడ్చి ఇంటికొచ్చేసరికి ఎండెక్కిపోయేది. ఇంటి వాకిలేమో అలాగే పడుండేది.

అత్త ఊరుకుంటదా? ఏటే, ఇంటిముందు చెత్తా, సముద్రం ముందు ఊడుపా, అలలకి ముగ్గేస్తావా అని దులిపేసింది. రేపు గానీ మళ్ళీ అటెళ్ళావా, ఇంక ఇంటికి రానక్కర్లేదు అనేసింది.

పాపం పోలమ్మ! వెళ్ళకపోతే గుడ్లు పోతాయి, వెళ్తే ఇల్లు పోద్ది. రాత్రంతా దొర్లి దొర్లి, చివరికి లేచి వెళ్ళిపోయింది. అత్తా ఒక చీపురట్టుకుని వెనకాలే బయల్దేరింది. ఎందుకంటావేటే? వీపు మీద వెయ్యడానికే, మరెందుకు!

వెళ్ళేసరికి తూరుపు చేప పొట్టలా తెల్లగా ఉంది. పెద్ద చేటంత తాబేలు, ఆలస్యంగా వచ్చిందేమో, ఇంకా గుడ్లెడతానే ఉంది. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు. పోలమ్మ పక్కన కూచుని, ఇక్కడ పుట్టిన పిల్లవే కదమ్మా, ఎంత దూరం ఈదొచ్చావో పురిటికి, భయం లేదులే అంటోంది. అత్త ఎత్తిన చీపురు ఎత్తినట్టే ఉండిపోయింది. తాబేలు గుడ్ల మీద ఇసక కప్పి, మెల్లిగా నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చాడు సూర్యుడు, సగం నీళ్ళలో, సగం పైన. అల్లంత దూరాన బంట్లు! జాడేమో ఇంత పొడుగు. ఒక్కర్తి ఎంతని ఊడుస్తది? బంగారమ్మ కొంగు బిగించి, చూస్తావేటే, నువ్వా పక్క, నేనీ పక్క అంది. పరపరా అత్త, పరపరా కోడలు. బంట్లొచ్చేసరికి ఒడ్డంతా అద్దంలా ఉంది.

ఇక్కడేటి ఊడుస్తన్నారని అడిగారు వాళ్ళు.

"మా ఆడపిల్ల పురిటికొచ్చి వెళ్ళింది బాబూ. పురుడైన చోట కాలెట్టారా, మైల! రాజుగారి వంటింటిదాకా అంటుకుంటది!" అంది బంగారమ్మ, నడుం మీద చెయ్యేసుకుని.

బంట్లు వెనక్కి ఒకటే పరుగు.

మర్నాటి నుంచి ఊళ్ళో ఆడాళ్ళంతా వంతులేసుకుని, కూలీ లేదు నాలీ లేదు, ఒడ్డు ఊడవడమే. రాజు గుడ్లు దొరక్క వంకాయ కూర తిన్నాడు, అదే బాగుందన్నాడట!

యాభై రోజులకి ఒక పొద్దున్న ఇసక కదిలింది. అరిచేతిలో పట్టేంత పిల్లలు, బిలబిలా నీళ్ళకేసి పరుగు. ఆడాళ్ళు కాకుల్ని తోలతావుంటే, పోలమ్మ అత్త చెవిలో చెప్పింది, నాకు మూడో నెలత్తా, పురిటికి నేనెక్కడికెళ్ళనూ అని. బంగారమ్మ వంగి కోడలి పాదాల ఇసక కొంగుతో దులిపింది. ఎక్కడికెళ్తావే, నేను లేనా, పద, ఎండెక్కుతోంది అంది.

పురిటికొచ్చింది తాబేలైనా సరే, దాని పక్కన ఒక మనిషి ఉండాలర్రా.

కథేమో కంచి దారి పట్టింది, మనమేమో కలల్లోకి... కొండలూ? ఆఁ, వీడు అప్పుడే వెళ్ళిపోయాడు.